అది గ్యాసే

పరిగెత్తాను అనే మాట ఈయనకి ఎక్కడ దొరికిందో. మొన్న వచ్చినవాళ్లతో, ఆసుపత్రికి తీసుకెళ్లాను అన్నాడు. నిన్నటివాళ్లతో, హుటాహుటిన తీసుకెళ్లాను అన్నాడు. ఇవాళ, బండిలో వేసుకుని పరిగెత్తాను అంటున్నాడు. పలకరింపులకి ఇంకో నలుగురొస్తే చాలు, భార్యని భుజాన వేసుకుని ఆకాశమార్గాన వెళ్లినట్టు చెప్పేస్తాడు.

బండిలో వేసుకుని. ఆ బండి ఎవరు నడిపారో మాత్రం చెప్పడు. ఈయనకి స్టీరింగు పట్టుకోవడం రాదని వీధి వీధంతటికీ తెలుసు. వీధిలో సగం మందికి కారు నేర్పింది తనే. మొగుడికి మాత్రం నేర్పలేకపోయింది. పెళ్లాం పక్కన కూర్చుని ఎడమకి, కుడికి అంటుంటే తిప్పడం తన వల్ల కాదన్నాడు.

అన్నీ తెలిసి కూడా వింటారు జనం. కథ రక్తి కట్టాక బండి ఎవరు నడిపితేనేం.

తలుపు ఓరగా వేసి ఉంది. అది అమ్మాయి చేసిన ఏర్పాటు. పూర్తిగా వేస్తే అమ్మ పిలిచినా వినపడదట, పూర్తిగా తీస్తే వచ్చినవాళ్ల మాటలకి అమ్మ అలిసిపోతుందట. ఓరగా వేసిన తలుపులోంచి మాటలు ఇంకా బాగా వినపడతాయని ఆ పిల్లకి ఎవరు చెప్పాలి.

హాల్లో కుర్చీ కిర్రుమంది. ఎదురుగా కూర్చున్నది చెప్పుల దుకాణం ఆయన. దుకాణం మూసే వేళకి ముందే వచ్చేశాడు, పాపం, పలకరించడానికి.

"చెయ్యి పట్టుకుని చూశానో లేదో తెలిసిపోయింది నాకు," అంటున్నాడు మొగుడు. "ఇది మామూలు నొప్పి కాదు అనుకున్నాను."

"మీరుండబట్టి సరిపోయింది డాక్టరుగారూ," అన్నాడు చెప్పులాయన.

మందులమ్మే మనిషిని ఈ వీధిలో డాక్టరుగారూ అంటారు. మొదట్లో ఆయన, అయ్యో కాదండీ అనేవాడు. తర్వాత నవ్వి ఊరుకునేవాడు. ఇప్పుడు ఎవరైనా అలా పిలవకపోతే తననే పిలుస్తున్నారని కూడా తెలుసుకోడు.

కోపం వచ్చింది ఆమెకి. వచ్చిందని మనసు కంటే ముందు మణికట్టుకి తెలిసింది. అక్కడే కదా సన్నటి గొట్టం దూర్చి గుండెదాకా తీసుకెళ్లారు. మూసుకుపోయిన నాళాన్ని బుడగతో తెరిచి, తెరిచిన చోట జాలీలాంటి చిన్న గొట్టం నిలబెట్టి బయటికొచ్చారు. స్టెంటు అన్నారు. కోత లేదు, కుట్టు లేదు. చూపించుకోవడానికి మణికట్టు దగ్గర నీలంగా కమిలి, అంచుల్లో పసుపు తిరుగుతున్న మచ్చ ఒక్కటే. వచ్చినవాళ్లు దాన్ని చూసి కొంచెం నిరుత్సాహపడుతున్నారు కూడా. ఇంతేనా, అన్నట్టు.

ఇంటికొచ్చినప్పటినుంచి కోపానికీ జబ్బుకీ తేడా తెలియడం లేదు. గుండె దడదడమంటే అది ఆయన మాటకా, లోపలున్న ఆ ఇనపముక్కకా? ఇదివరకు కోపం వస్తే కోప్పడేది, అయిపోయేది. ఇప్పుడు కోపం వస్తే కదలకుండా పడుకుని లోపలి చప్పుడు వినాలి. ఇంట్లో దూరిన దొంగ అడుగులు విన్నట్టు వినాలి. వింటున్నంతసేపూ కోపం చల్లారదు. భయం వచ్చి దానిలో కలుస్తుంది. రెండూ కలిసి చిక్కబడతాయి.

చెయ్యి పట్టుకుని చూశాడట.

ఆ సాయంత్రం తను షాపు ముందు నుంచుంది. ఇంటికి ముందుగదే షాపు. మధ్యలో ఒక్క గుమ్మం. అయినా లోపలినుంచి వెళ్లలేదు, ఎందుకో బయటినుంచి వెళ్లింది. బహుశా కారు వీధిలో ఆపి నేరుగా వచ్చినందుకు. దవడ కింద ఒకటే లాగుడు, వీపులో బరువు. కౌంటరు దగ్గర జనం. వాళ్ల వెనకాల తన వంతు వచ్చేదాకా నుంచుంది. సొంత మొగుడి దగ్గర వంతు. వంతు వచ్చాక దవడ లాగుతోందండీ అంది. ఆయన అట్టలోంచి ఒక మాత్ర చించి అద్దం మీదుగా తోశాడు. గ్యాసు, నమిలి మింగు, అన్నాడు. తల ఎత్తలేదు.

కాసేపటికి మళ్లీ వెళ్లింది. ఈసారి లోపలి గుమ్మంలోంచి. ఇంకో మాత్ర ఇచ్చాడు. అది గ్యాసే, వేళకి తినకుండా బండి తిప్పుతూ కూర్చుంటే రాదా మరి, అన్నాడు. ఆ మాటకి షాపులో ఒకరిద్దరు నవ్వారు. ఆ రెండో మాత్ర కూడా ఆమె నమిలి మింగింది. ఇంట్లో డాక్టరుగారు ఉండగా బయటి డాక్టరు దగ్గరికి ఎవరు వెళతారు?

మింగి, సాయంత్రం పాఠానికి వెళ్లిపోయింది. నేర్చుకునే మనిషి వీధి చివర ఎదురుచూస్తుంటాడు కదా అని.

"అమ్మా, మాత్రలు," అంటూ అమ్మాయి లోపలికొచ్చింది. తలుపు మళ్లీ అదే ఓరకి తెచ్చి వదిలింది.

రక్తం గడ్డకట్టకుండా వేసుకునేవి. ఒక్క పూట కూడా మానకూడదని చెప్పి పంపారు. ఆమె మానదు. కానీ ఆయన చేత్తో ఇస్తే తీసుకోనని ఆసుపత్రి నుంచి వచ్చిన రోజే చెప్పేసింది. అవి ఆయన షాపులోవే, ఆయన కత్తెరతో కత్తిరించిన అట్టలే. అయినా సరే, మధ్యలో ఇంకొకరి చెయ్యి ఉండాల్సిందే.

మింగి గ్లాసు తిరిగి ఇచ్చింది. "విన్నావా?"

"ఏం వినాలమ్మా?"

"చెయ్యి పట్టుకుని చూశాడటే మీ నాన్న. కౌంటరు అవతలి నుంచి చెయ్యి ఎంత పొడుగు సాచాడో."

అమ్మాయి మంచం అంచున కూర్చుంది. ఒక పెద్ద హోటల్లో ఫోను దగ్గర కూర్చోవడం తన ఉద్యోగం. గదిలో నీళ్లు రాలేదని, దుప్పటి మాసిపోయిందని కోపంతో ఊగిపోయేవాళ్లతో మెత్తగా మాట్లాడి వాళ్లని చల్లార్చడమే పని. ఆ మెత్తదనం ఇప్పుడు గొంతులోకి వచ్చేసింది. నీ బాధ నాకు అర్థమైందమ్మా, నాన్న కంగారుపడిపోయారు, ఆ కంగారులో ఏదో చెప్పుకుంటున్నారు, నువ్వు ముందు ప్రశాంతంగా ఉండాలి, అంది.

"ఆ హోటలు గొంతు నా దగ్గర తీయకు."

అమ్మాయి మొహం ఎర్రబడింది. గొంతు మారింది. "అయితే ఈ గొంతుతోనే చెబుతాను విను. నాన్న కావాలని చేశారా?"

"కావాలని చేశాడని నేనన్నానా?"

"మరి ఏం కావాలి నీకు? కాళ్లు పట్టుకోవాలా?"

ఏం కావాలి. ఆ ప్రశ్నని ఆమె రోజూ తనలో తనే తిప్పుతోంది. క్షమాపణ అక్కర్లేదు. ఏడిస్తే చూడాలనీ లేదు. ఆసుపత్రిలో తనని చూడటానికి వచ్చినప్పుడు ఆయన మంచం దాకా వచ్చి, తన వైపు తిరగకుండా అక్కడున్న డాక్టరు వైపు తిరిగాడు. నేనూ ఇదే అనుమానించానండీ, అన్నాడు. కళ్లు మూసుకుని ఉంది కదా, నిద్రపోతోందనుకున్నాడు. ఈ కథ పుట్టింది అక్కడే. ఆ మంచం పక్కన, తను వింటుండగా.

"నా మొహం చూసి, అది గ్యాసు కాదు అనమను," అంది. "ఒక్కసారి. ఎవరూ లేనప్పుడైనా సరే."

అమ్మాయి దుప్పటి మడత సరిచేసింది. సరిగ్గానే ఉన్న మడతని.

"అనలేరమ్మా. ఆ మాట ఒప్పుకుంటే రేపు షాపులో కూర్చుని ఎవరికి ఏ మాత్ర ఇవ్వగలరు?"

"నేనూ అదే అడుగుతున్నాను. రేపు ఎవరికి ఏ మాత్ర ఇస్తాడని."

అమ్మాయి గ్లాసు తీసుకుని లేచింది. తలుపు దగ్గర ఆగి, నువ్వు కోప్పడకూడదన్నారు, అంది. అన్నది ఆసుపత్రివాళ్లు. కానీ ఈ ఇంట్లో ఆ మాట ఇప్పుడు అందరికీ పనికొస్తోంది. ఆమె నోరు తెరిచేలోపు ఎవరో ఒకరు ఆ మాట తెచ్చి నోటికి అడ్డం పెడతారు. నీ మంచికే, నీ గుండె కోసమే. జబ్బు చేసింది గుండెకైతే కట్టు నోటికి కట్టారు.

హాల్లో ఇంకో గొంతు వినపడింది. సన్నగా, ప్రతి మాటకీ ముందు కాస్త ఆగుతూ. ఆమెకి ఆ గొంతు తెలుసు. తప్పు గేరు వేసిన ప్రతిసారీ, క్షమించాలి టీచరుగారూ, అనే గొంతు.

లెక్కల మాస్టారు. బళ్లో జీవితమంతా పాఠాలు చెప్పి, మానేశాక, ఇప్పుడు కారు నేర్చుకుంటున్నాడు. తన దగ్గర నేర్చుకున్నవాళ్లందరిలోకీ భయస్తుడు. ఎదురుగా సైకిలు వస్తే ఆగి, అది వెళ్లిపోయాక కూడా కాసేపు ఆగే ఉంటాడు. ఆమె పక్కసీట్లో కూర్చుంటుంది, కాలి కింద తన బ్రేకు తనకుంటుంది. నేర్పేవాళ్ల బండికి రెండు వైపులా బ్రేకులుంటాయి కదా. అందరి పాఠాల్లోనూ ఆ బ్రేకు నొక్కింది గానీ మాస్టారి పాఠంలో ఎప్పుడూ నొక్కే పని పడలేదు. ఆయన బండి కదిలితే గదా.

ఆ సాయంత్రం స్టీరింగు దగ్గరున్నది ఆయనే. మలుపు దగ్గర ఒళ్లంతా చెమట పట్టి, వీపులో బరువు ఛాతీలోకి దిగినప్పుడు ఆమె, మాస్టారూ ఎడమకి వద్దు, నేరుగా పోనివ్వండి, ఆసుపత్రికి, అంది. ఆయన ఎందుకని అడగలేదు. రెండో గేరులోంచి మూడోదాంట్లోకి మారడానికి ధైర్యం చాలక దారంతా రెండో గేరులోనే నడిపాడు. వెనకాల కార్లన్నీ హారన్లు కొట్టాయి. సిగ్నలు దగ్గర బండి ఆగిపోయింది. క్లచ్చి నొక్కండి మాస్టారూ, కంగారేం లేదు, అని ఆమే చెప్పింది. ఛాతీ పట్టుకుని, పాఠం చెప్పినట్టు చెప్పింది.

ఇప్పుడు హాల్లో ఆయన, తన మొగుడు, అదే దారి ఇంకోసారి చెబుతున్నాడు. వచ్చిన మనిషి ఎవరో ఆయనకి తెలియదు. పాఠాలకొచ్చేవాళ్లు ఇంట్లోకి రారు, వీధి చివరే ఎక్కుతారు. ఎవరో పాత స్నేహితుడనుకున్నట్టున్నాడు. బండిలో వేసుకుని, రోడ్డంతా పరిగెత్తించి, అంటున్నాడు.

మాస్టారు విన్నాడు. ఆగాడు. ఆగి, అలవాటైన సన్నటి గొంతుతో, "సిగ్నలు దగ్గర బండి ఆగిపోలేదాండీ?" అని అడిగాడు.

"ఎందుకాగుతుంది? నేనుండగా ఆగనిస్తానా?"

"అబ్బే, ఊరికే అడిగాను. అక్కడ నా చేతిలో ఎప్పుడూ ఆగిపోతుంది."

ఆమెకి నవ్వు రావాలి. రాలేదు. ఈ మాస్టారు కూడా ఇంతే. నేనే నడిపానండీ అని ఒక్క మాట అంటే ఏం పోతుంది? మర్యాద. ఈ లోకంలో అబద్ధాలన్నిటికీ ఇంటి బయట కాపలా కాసేది మర్యాదే. తన కోపం ఇప్పుడు ఆ పెద్దమనిషి మీదికి కూడా పాకింది, అది అన్యాయమని తెలుస్తూనే ఉంది.

లేచింది. కుడిచేతి మీద బరువు వేయకూడదు కాబట్టి ఎడమచేత్తో మంచం పట్టుకుని, పక్కకి ఒత్తిగిల్లి, నెమ్మదిగా. గోడ పట్టుకుని నడిచింది. ఓరగా ఉన్న తలుపుని పూర్తిగా తెరిచింది.

ముగ్గురూ తలెత్తారు. మాస్టారు లేచి నుంచున్నాడు. లేవకూడదమ్మా, అన్నాడు చెప్పులాయన. నువ్వెందుకు లేచావు, అన్నాడు ఆయన. ఆ మాటలో చిన్న బెదురు ఉంది. ఎంతసేపటినుంచి వింటోందో అన్న బెదురు.

ఆమె నోరు తెరిచింది. సరిగ్గా అప్పుడే వీధి వైపు గుమ్మంలో పై వాటా ఆవిడ కనపడింది.

పై వాటా ఆవిడ భర్త లారీ మీద దూరాలు పోతుంటాడు, ఇంట్లో ఉండేది తక్కువ. ఆవిడ ఏ అవసరమొచ్చినా కిందికే దిగుతుంది. ఇప్పుడు గుమ్మం చెక్క పట్టుకుని నుంచుంది. ఇంకో చేత్తో దవడ కింద రుద్దుకుంటోంది.

"డాక్టరుగారూ," అంది. "పొద్దున మీరిచ్చిన మాత్ర ఇంకొకటుంటే ఇస్తారా? దానికి తగ్గలేదు."

ఆయన చెయ్యి చొక్కా జేబులోకి వెళ్లింది. ఆయన జేబులో ఆ అట్ట ఎప్పుడూ ఉంటుంది. వేరేవాళ్ల జేబుల్లో పెన్నున్నట్టు.

"తగ్గుతుందమ్మా. అది గ్యాసే," అన్నాడు.

ఆ మాట. అదే మాట, అదే దీర్ఘం, అదే తొందర. ఆమెకి ఒక్కక్షణం తనే ఆ గుమ్మంలో నుంచున్నట్టూ, తనే ఇటువైపు నుంచి తనని చూస్తున్నట్టూ అనిపించింది. తనని చూసినవాళ్లకి తను ఇలాగే కనపడి ఉంటుంది. జుట్టు నుదుటికి అతుక్కుని. పెదాల చుట్టూ రంగు తగ్గి. చూసి ఉంటే కనపడేది. చూడలేదు, అంతే.

"వీపు ఎలా ఉంది నీకు?" అంది.

పై వాటా ఆవిడ తెల్లబోయింది. "బరువుగా ఉందక్కా. బట్టలుతికాను కదా, అందుకేమో."

"చెమట?"

"ఎండ కదక్కా."

ఎండ ఎప్పుడో తగ్గిపోయింది.

"ఆ మాత్ర ఇవ్వకండి," అంది ఆమె మొగుడితో.

ఆయన మాత్ర అప్పటికే చించాడు. వచ్చినవాళ్ల వైపు చూసి, అర్థం చేసుకోండి అన్నట్టు నవ్వాడు. ఆసుపత్రినుంచి వచ్చినప్పటినుంచీ ఈవిడకి ఎవరికేమైనా గుండే అనిపిస్తుందండీ, అది సహజం, అన్నాడు. చెప్పులాయన తల ఊపాడు. అమ్మాయి లోపలినుంచి పరిగెత్తుకొచ్చింది. అమ్మా కోప్పడకూడదు, అంది. ఆయన కూడా ఆ మాటే అందుకున్నాడు. కోపం నీ ఒంటికి మంచిది కాదు, వెళ్లి పడుకో, నేను చూసుకుంటాను.

పై వాటా ఆవిడ చెయ్యి చాచింది. మాత్ర అరచేతిలో పడింది.

"నాకూ ఇదే ఇచ్చారు," అంది ఆమె. పెద్దగా అనలేదు. మామూలు గొంతుతో, పాఠం చెప్పే గొంతుతో అంది. "దవడ లాగుతోందని వెళితే, గ్యాసు అని ఇదే మాత్ర ఇచ్చారు. మళ్లీ వెళితే మళ్లీ ఇచ్చారు. నా చెయ్యి ఎవరూ పట్టుకుని చూడలేదు. నన్ను ఆసుపత్రికి తీసుకెళ్లింది ఇదిగో, ఈ మాస్టారు. రెండో గేరులో తీసుకెళ్లాడు. ఇంకాస్త ఆలస్యమైతే ఏమయ్యేదో అక్కడివాళ్లని అడగండి."

మాస్టారు తన తప్పు బయటపడ్డట్టు తల దించుకున్నాడు. చెప్పులాయన తన మోకాళ్ల వంక చూసుకున్నాడు.

ఆయన మొహంలో రంగు పోయింది, మళ్లీ వచ్చింది. "నలుగురిలో," అన్నాడు.

ఆమె అమ్మాయి వైపు తిరిగింది. "అంబులెన్సుకి చెయ్యి."

అమ్మాయి తండ్రి వంక చూసింది. ఆ చూపు ఎంతసేపు అక్కడుందో ఆమె చూసింది. ఇంతసేపూ వచ్చిన కోపాలన్నీ ఒక ఎత్తు, ఆ ఒక్క చూపు ఒక ఎత్తు. అప్పుడు పై వాటా ఆవిడ గుమ్మం పట్టుకునే కిందికి జారి కూర్చుంది, కాస్త నీరసంగా ఉంది, ఏం లేదు, అంటూ. అమ్మాయి తండ్రి మీదనుంచి చూపు తిప్పుకుని ఫోను తీసింది. ఇంటి గుర్తులు, వీధి మలుపు, మనిషి వయసు, నొప్పి ఎక్కడ, అన్నీ ఎక్కడా తడబడకుండా మెత్తగా చెప్పింది. హోటలు గొంతే. ఆ గొంతు ఈసారి ఆమెకి కోపం తెప్పించలేదు.

అంబులెన్సు వచ్చింది. వచ్చినవాళ్లు ఆవిడని కూర్చోబెట్టి ఏవో అడిగారు, ఛాతీ మీద తీగలు పెట్టారు, తమలో తాము ఏదో అనుకున్నారు. గట్టిగా ఏమీ చెప్పలేదు. అమ్మాయి ఆవిడతో ఎక్కింది. మాస్టారు కూడా, తనకి అక్కడి దారి తెలుసునంటూ, వెనకాలే ఆటో పట్టుకున్నాడు. చెప్పులాయన అందరికంటే ముందే వెళ్లిపోదామనుకున్నాడు గానీ గుమ్మం ముందు గందరగోళంలో తన చెప్పులు తనకే దొరకలేదు. చాలాసేపు వెతుక్కుని, ఎవరి వంకా చూడకుండా వెళ్లాడు.

ఇల్లు ఖాళీ అయింది.

ఆమె హాల్లోనే కుర్చీలో కూర్చుంది. ఆయన ఎదురుగా. మధ్యలో బల్ల మీద ఆమె ఫోను. అమ్మాయి ఏ సంగతీ తెలియగానే దానికే చేస్తానంది.

షాపు ముందు ఎవరో వచ్చి పిలిచారు. ఆయన లేవలేదు. వాళ్లు ఇంకోసారి పిలిచి వెళ్లిపోయారు.

"తృప్తిగా ఉందా?" అన్నాడు.

ఆమె బల్ల మీది ఫోను వంక చూసింది.

"ఇన్నేళ్లు కష్టపడి ఒక పేరు తెచ్చుకున్నాను. ఒక్క నిమిషంలో తీసి వీధిలో పారేశావు."

"నేను జరిగింది చెప్పాను."

"జరిగింది." ఆయన నవ్వులాంటిది నవ్వాడు. "రోజుకి ఎంతమంది వస్తారో తెలుసా నీకు? చేతులు చాస్తూనే ఉంటారు. ఒకరి వెనక ఒకరు. ప్రతి మొహం చూస్తూ కూర్చుంటే షాపు నడుస్తుందా? నాకు కనపడేది చేతులే. చేతిలో మాత్ర పెడతాను. అంతే."

ఇన్నాళ్లలో ఆయన నిజం చెప్పింది ఇదే మొదటిసారి. కానీ అది ఒప్పుకోలుగా రాలేదు, దబాయింపుగా వచ్చింది.

"నా చెయ్యి కూడా తెలియలేదా?"

ఆయన ఆమె చెయ్యి వంక చూశాడు, ఆ నీలం మచ్చ వంక. చూసి, కళ్లు తిప్పుకున్నాడు. ఆ తిప్పుకోవడంలో ఏముందో ఆమెకి అంతుపట్టలేదు. సిగ్గా, భయమా, విసుగా. ఇన్నేళ్లు కాపరం చేసిన మనిషి మొహం, ఇప్పుడు తెలియని భాషలో రాసిన బోర్డులాగుంది.

"సరే," అన్నాడు చివరికి. "నువ్వన్నట్టే అందాం. కానీ ఒకటి చెప్పు. అక్కడికెళ్లాక అది గ్యాసే అని తేలితే?"

ఆమె ఉలిక్కిపడింది.

"తేలొచ్చు కదా? పదిమందిలో తొమ్మిదిమందికి అదే. నీకొక్కదానికి అది గ్యాసు కాలేదని లోకంలో ఎవరికీ గ్యాసు రాకుండా పోతుందా? అప్పుడు నా పరువు తెచ్చిస్తావా?"

తేలొచ్చు. నిజమే. పై వాటా ఆవిడ నవ్వుతూ తిరిగి రావచ్చు, అక్కా మీరు అనవసరంగా భయపడ్డారు, అనొచ్చు. వీధంతా నవ్వుతుంది. ఆయన మళ్లీ కౌంటరు వెనక కూర్చుంటాడు, ఇంకా పెద్ద డాక్టరుగారై. చూశారా, నేను చెప్పలేదూ, అంటాడు. ఆ కథకి ఇక అంతూ పొంతూ ఉండదు. తన దవడ నొప్పి, తన రెండో మాత్ర, ఆ సిగ్నలు దగ్గర ఆగిన బండి, ఏదీ జరగనట్టే అయిపోతుంది.

అలా కాకూడదు, అనుకుంది.

అనుకుని, తను ఏమనుకుందో తనకి వినపడింది.

అలా కాకూడదంటే ఎలా కావాలి. ఆ గుమ్మంలో జారి కూర్చున్న మనిషికి, ఎండ కదక్కా అన్న మనిషికి, గుండెలో నాళం మూసుకుపోయి ఉండాలి. అది కావాలా తనకి? ఎక్కడో లోపల, కోపం అడుగున, ఎవరికీ చూపించలేని చోట, కావాలనే ఉంది. మొగుడి మాట తప్పని రుజువవడానికి ఒక ఆడమనిషి చల్లటి బల్ల మీద పడుకోవాలి. తన లాగే కళ్లు పైకి పెట్టి, తన గుండె తనకే తెర మీద కనపడుతుంటే చూడాలి.

ఛాతీలో దడ మొదలైంది. ఈసారి అది ఎందుకో ఆమెకి తెలుసు. జబ్బు కాదు. ఆయన మీద కోపమూ కాదు. ఇంత దూరం తీసుకొచ్చాడు తనని. లేదు, ఆయన తేలేదు. ఆ దారిలో తనే వచ్చింది.

"గ్యాసే అయితే బాగుండును," అంది పైకి. ఆ మాట అనడం కష్టమైంది. "అయినా నేను చేసింది తప్పు కాదు."

ఆయన తల ఎత్తి చూశాడు. బహుశా ఆ సాయంత్రం తర్వాత మొదటిసారి ఆమె మొహం చూశాడు. ఏదో అనబోయాడు. పెదాలు కదిలాయి.

ఫోను మోగింది.

బల్ల మీద అది కొంచెం కొంచెంగా జరుగుతూ మోగుతోంది. తెర మీద అమ్మాయి బొమ్మ, ఎప్పుడో నవ్వుతూ తీయించుకున్నది. ఇద్దరూ దాని వంకే చూశారు. ఎవరూ చెయ్యి చాచలేదు.

"తియ్యి," అన్నాడు ఆయన. "నీకే కదా చేసింది."

తీయొచ్చు. తీసి, విని, తనే చెప్పొచ్చు. తను ఎలా చెబితే అలా వింటాడు, తర్వాత ఎలా కావాలంటే అలా మార్చుకుంటాడు. ఇవాళ విన్నాను అంటాడు, రేపు అనుమానించాను అంటాడు, ఎల్లుండి నేనే పంపించాను అంటాడు.

ఫోను ఇంకా మోగుతోంది. ఆయన వేళ్లు మోకాళ్ల మీద ముడుచుకుపోయి ఉన్నాయి. అది ఆమె చూసింది. చూసినా ఆగలేదు.

ఫోను అందుకుని లేచింది. బల్ల చుట్టూ తిరిగి ఆయన కుర్చీ పక్కకి వచ్చింది. బొటనవేలితో పచ్చ గుర్తు నొక్కింది. హలో అనలేదు.

కమిలిన చేత్తోనే దాన్ని ఆయన చెవికి ఆనించి పట్టుకుంది.